స్వతంత్రవిలేఖరియు సాక్షివచనమును: హెన్రీ మేహ్యూ లండనుగ్రంథ విమర్శనము

ప్రాచీనాంధ్రప్రబంధమును జేతఁ బట్టిన పాఠకునకుఁ గవికి జీవనమిచ్చిన వాఁడెవ్వఁడో వెదకవలసిన పని లేదు. కృతిభర్త వంశావళియు, షష్ఠ్యంతములును గథారంభమునకు ముందే యామాటఁ జెప్పును. ఆ పోషణము కావ్యమునకు మేలు చేసినదో కీడు చేసినదో విమర్శకుఁడు గ్రంథమునుండియే తేల్చుకొనవచ్చును. ముద్రాయంత్రము వచ్చి వార్తాపత్రికలు పెరిగిన పిదప నీ సదుపాయము పోయినది. వ్రాఁతకుఁ గూలి యిచ్చువాఁడు వ్రాఁతలోఁ గానరాఁడు. అందును, ఏ పత్రికయందును నెలజీతమునకుఁ గుదురుకొనక, తాను జూచినదానిని, విన్నదానిని వ్యాసముల రూపమున నమ్ముకొని బ్రదుకు స్వతంత్రవిలేఖరి విషయమున నీ చిక్కు మఱింత పెద్దది. అతనికిఁ బ్రభువు లేఁడని లోకులందురు. ప్రభువు లేని వ్రాయసకాఁడు నిజముగా నుండునా? ఉండెనేని యతని స్వాతంత్ర్యము వ్రాఁతయొక్క రూపమునందుఁ గనఁబడునా? ఈ ప్రశ్నలను బరీక్షించుటకు హెన్రీ మేహ్యూ రచించిన 'లండన్ లేబర్ అండ్ ది లండన్ పూర్' అను గ్రంథముకంటెఁ దగిన స్థలము వేఱొకటి కానరాదు. బీదవాఁడు తనకథను దాను జెప్పుకొనఁగా విని వ్రాయుట యను వాఙ్మయశాఖకు ఆంగ్లమున నది మూలగ్రంథములలో నొకటి. అది యాద్యంతము కూలికి వ్రాయఁబడినది.

మేహ్యూ 1812 నవంబరు 25వ తేదిని లండనునందు న్యాయవాదియైన తండ్రికిఁ బుట్టెను. వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలోఁ జదువు ముగింపకయే వెడలి, ఓడపనిలోఁ జేరి కలకత్తా వఱకు వచ్చిపోయెను. తిరిగి వచ్చి, తండ్రివృత్తి పట్టక, ప్రహసనములు వ్రాసెను, హాస్యపత్రికలు నడపెను. 1841 జూలైలోఁ బుట్టిన 'పంచ్' పత్రిక స్థాపకులలో నితఁ డొకఁడు. ఆ పత్రిక నూఱేండ్లకుఁ బైఁగా బ్రదికినను స్థాపకునకు దానివలన నొరిగినది స్వల్పము. రైలుమార్గముల వాటాలకై జనులు వెఱ్ఱెత్తియున్న దినములలో నావార్తలకే యొకపత్రికను బెట్టి చెడి, 1846 ప్రాంతమున దివాలా యెత్తెను. ఇంతవఱకు నితని చరిత్రమున విశేషము లేదు. ఇట్టి వ్రాయసకాండ్రు నాఁటి ఫ్లీట్ వీథిలోఁ బెక్కండ్రు.

1849వ సంవత్సరమున లండనునందుఁ గలరా చెలరేఁగి సుమారు 14,000 మందిని బొట్టఁబెట్టుకొన్నది. థేమ్స్ నదికి దక్షిణమున బెర్మాండ్సీయందు జేకబ్స్ ఐలండ్ అను పేట యుండెను. తోళ్లు పదను చేయు కర్మశాలల మురికియు మరుగుదొడ్ల మురికియుఁ గలిసి పాఱు కాలువమీఁద నాపేట యిండ్లు నిలిచియుండెను. ఆ కాలువనీటినే బొక్కెనలతోఁ జేఁదికొని యచ్చటివారు త్రావుచుండిరి. మేహ్యూ పోయి చూచి వ్రాసిన వ్యాసము 'మార్నింగ్ క్రానికిల్' పత్రికలో సెప్టెంబరు 24వ తేదిని వెలువడెను. వెంటనే యా పత్రికవారు దేశమందలి కూలివాండ్ర స్థితినంతయుఁ బరిశీలించు 'లేబర్ అండ్ ది పూర్' అను లేఖామాలను అక్టోబరు 18వ తేదినుండి ప్రకటింపఁ దొడఁగిరి. పల్లెలకును యంత్రశాలల పట్టణములకును వేఱు విలేఖరులు పోయిరి; రాజధాని మేహ్యూ పాలఁబడెను. 1850 డిసెంబరు వఱకు నతఁడు వ్రాసిన లేఖలు 82.

ఈ లేఖల పద్ధతి గమనింపఁదగినది. ముందుగా నొక వృత్తిని గైకొనును. ఆ వృత్తివారి సంఖ్యను జనాభా లెక్కలనుండియు, వారి సంఘములనుండియుఁ దెలిసికొనును. పిదప మంచికూలి దొరకువానిని, నడితరపువానిని, కడగండ్లఁ బడువానిని వేఱువేఱుగాఁ గలిసికొని, వారమునకు వచ్చున దెంత, అద్దెకుఁ బోవున దెంత, దారమునకును గ్రొవ్వొత్తులకును దమచేతినుండి పెట్టుకొనున దెంత, కడకు రొట్టెకు మిగులున దెంత యని యడిగి వ్రాసికొనును. కొందఱు సాక్షులను బండిలో నెక్కించి పత్రికాకార్యాలయమునకే తోడ్తెచ్చుచుండిరనియు, సంక్షిప్తలిపి నేర్చినవాఁడు వారి మాటలను వెనువెంట వ్రాసికొనుచుండెననియు సమకాలికుల జ్ఞాపకములవలనఁ దెలియుచున్నది. సహాయకులును, బండికూలియు, లేఖకుఁడును లేక యొంటివాఁడు వారమున కింత పని చేయఁజాలఁడు. పత్రిక ధనమే యీ పద్ధతికిఁ బ్రాణము. విలేఖరి స్వాతంత్ర్యమును గొనియాడువా రీమాటను మఱవరాదు.

ఫలితము శీఘ్రముగనే కనఁబడెను. కుట్టుపని స్త్రీలనుగూర్చియు దర్జీలనుగూర్చియు వెలువడిన లేఖలను జదివి పాఠకులు పత్రికకు ధనము పంపిరి. కుట్టుపని స్త్రీలను వలసరాజ్యములకుఁ బంపుటకొక నిధి యేర్పడెను. చార్లెస్ కింగ్స్లీ 'చీప్ క్లోత్స్ అండ్ నాస్టీ' అను కరపత్రమునకు వలయు సామగ్రి నీ లేఖలనుండియే కైకొనెను. కథకుఁడు విలేఖరికి ఋణపడుట నాఁటినుండియు నున్నదే.

కాని యే ధనము పద్ధతికిఁ బ్రాణమో యదియే విఘ్నమునకుఁ గారణము నయ్యెను. క్రానికిల్ స్వేచ్ఛావాణిజ్యపక్షమున నిలిచిన పత్రిక. పరదేశపు సరకు దిగుమతియగుటవలనఁ దమకూలి తగ్గినదని పాదరక్షలు కుట్టువారు చెప్పిన మాటలను సంపాదకులు తీసివేసిరని మేహ్యూ యాక్షేపించెను. అంతలోఁ దయారుదుస్తుల వర్తకసంస్థ యొకదానిని బొగడు వ్యాస మదేపత్రికలో వెలువడెను. కూలిని గోయుటలో మేహ్యూ యనుమానించిన సంస్థలలో నది యొకటి. 1850 అక్టోబరులో దర్జీల సభయం దతఁ డీ సంగతిని బహిరంగముగాఁ జెప్పెను. పత్రికతోడి సంబంధము తెగిపోయెను. మేహ్యూ స్వేచ్ఛావాణిజ్యమునకు మిత్రుఁడా శత్రువా యనుట వాఙ్మయవిమర్శకునకు ముఖ్యము గాదు. చెప్పులుకుట్టువాని యర్థశాస్త్రము తప్పే కావచ్చును. తప్పైనను, అది యతఁడు చెప్పినమాట. సాక్షిమాటలో నొకభాగమును రుచింపలేదని తీసివేయు నధికార మెవ్వరికిఁ గలదు? మేహ్యూ జీవనోపాధిని వదలుకొనుట కీ ప్రశ్న యొక కారణమైనది. అతని గ్రంథమున మెచ్చఁదగిన దేదియైన నున్నయెడల నది యీ ప్రశ్నకు లోఁబడియే యున్నది.

1850 డిసెంబరునుండి యతఁడు స్వయముగా వారమున కొక సంచిక చొప్పున, రెండు పెన్నీల వెలకు, 'లండన్ లేబర్ అండ్ ది లండన్ పూర్' ప్రకటింపసాగెను. 1852 ఫిబ్రవరి వఱకు నఱువదికిఁ బైఁబడిన సంచికలు వెలువడెను. వీథులలో నమ్ముకొని బ్రదుకువారే యిందలి పాత్రలు: తోపుడుబండ్లపైఁ గూరగాయలును బండ్లును జేపలును నమ్మువారు (వీరి సంఖ్య 30,000 అని యతని లెక్క), మూరలకొలఁది కాగితములపై పాటలచ్చొత్తించి కఱ్ఱకుఁ గట్టి యమ్మువారు, ఉరిదీయఁబడినవాని కడపటి పలుకులని తామే కల్పించి కేకలు వేయుచు నమ్మువారు, నదీతీరపు బురదలో బొగ్గుముక్కల నేఱుకొను పిల్లలు, ఎలుకలు పట్టువారు. తోళ్లు పదను చేయుటకై కుక్కల మలమును వీథులలో నేఱి బొక్కెన 8 మొదలు 10 పెన్నీల కమ్మువారుకూడఁ గలరు. ఆ సరకునకు వారిలో 'ప్యూర్' అని వ్యవహారము, అనఁగా శుద్ధము! ఆలంకారికు లెవ్వరు నింతటి విపరీతలక్షణ నుదాహరింపలేదు.

గ్రంథమునకు శిఖరము వంటిది నీరాకు నమ్ము బాలిక ఘట్టము. ఆ యాకును ఇంగ్లీషువారు పచ్చిగా రొట్టెతోఁ దిందురు. బాలికకు నెనిమిదేండ్లు. తెల్లవాఱకముందే ఫారింగ్డన్ అంగడికిఁ బోయి యాకు కొని, చిన్నకట్టలు గట్టి, పెన్నీకి నాలుగుకట్టలు చొప్పున నమ్మును. దినమునకు మూఁడు నాలుగు పెన్నీలు మిగులును. మేహ్యూ పిల్లలతో మాటలాడు రీతిగా బొమ్మలనుగూర్చియు, ఆటలనుగూర్చియు నారంభించి, యా పిల్ల మొగమునఁ గనఁబడిన తెల్లఁబాటును జూచి యెట్లు మాటలాడవలయునో తెలియక చిక్కుపడినట్లు దాఁపక వ్రాసెను. ఉద్యానవనముల మాట వచ్చినపుడు, అవి యెచ్చట నున్నవనియుఁ, దనవంటివారిని లోనికిఁ బోనిత్తురా యనియు నా బాలికయే యతని నడిగెను. మిఠాయికి డబ్బు వ్యయింపదు. అది పిల్లల చేష్టయనియుఁ, బొట్ట పోసికొనవలసిన తనకుఁ దగదనియు నామె యభిప్రాయము. బంధువు బిడ్డ నెత్తుకొనుట, తల్లి చేయు బొచ్చుకుట్టుపనిలోఁ దోడుపడుట, పాదములకుఁ బెద్దవియైన చెప్పులను జాఱకుండ నీడ్చికొనుచు నడచుట, అన్నియు నొకే స్వరమునఁ, గంటతడి లేక చెప్పఁబడినవి. కరుణరసమునకు వలసిన విభావములన్నియు నున్నవి గాని వ్యాఖ్యాత కన్నీరు లేదు. రసము పుట్టుట కిదియే కారణము. తరువాతఁ బెక్కండ్రు మేహ్యూ ననుకరించి వ్రాసిరి. అందు హెచ్చుమంది వ్యాఖ్యాత కన్నీటిని జేర్చి చెఱచిరి.

ఈ ఘట్టముల నిర్మాణమునం దొక విశేషము గలదు. దశరూపకములలో భాణమున నొక్కఁడే పాత్రము రంగముపై నుండును. కానరానివాని మాటను విన్నట్లు నటించి, 'ఏమనుచున్నావు?' అని తానే తిరిగి పలికి, దానికి నుత్తరము చెప్పును. ఇది యాకాశభాషితము. మేహ్యూ సాక్షులు చెప్పు కథలును నొంటిపాత్ర భాషణములే. అడిగినవాని ప్రశ్నలు తుడిచివేయఁబడి యుత్తరము లొకదానివెంట నొకటి కూర్పఁబడినవి. భాణమునందుఁ బ్రశ్నను తిరిగి చెప్పుదురు. ఇచ్చటఁ బ్రశ్నను మఱుగుపఱుతురు. ఐనను జాగ్రత్తగాఁ జదువువానికి బ్రశ్న వినఁబడకపోదు. బాలిక హఠాత్తుగాఁ దన్ను దల్లి తఱచుగాఁ గొట్టదని చెప్పును. అడుగకున్న నేల చెప్పును? మఱియొకఁడు నడుమ నకస్మాత్తుగా దేవుని మాట యెత్తును. ప్రార్థనమందిరమునకుఁ బోవుదువా యని విలేఖరి యడిగినాఁ డన్నమాట. ఇట్టి యతుకులు గ్రంథమంతటను గలవు. సాక్షి తనంతటఁ దాను మాటలాడినట్లు తోఁచుట శిల్పము. విలేఖరి యే దారిని నడపించెనో యాదారినే యతఁడు నడచినాఁ డనుట తత్త్వము. రెంటి నొకచోట నిలుపుకొని చదివినవానికే గ్రంథము వశమగును.

ఇఁక భాషవిషయము. ఆంధ్రదేశపుఁ బండితులకు నిది తమయింటి తగవే. మేహ్యూ సాక్షుల యుచ్చారణమును జాలవఱకు వారు పలికినట్లే లిపిలోఁ బెట్టెను. 'వ' పలుకవలసినచోట నోష్ఠ్యమైన వేఱొక ధ్వనిని బలుకుట, హకారమును మ్రింగుట, క్రియలను జెఱచి పలుకుట, అన్నియు నుంచెను. తోపుడుబండ్లవాండ్రు పోలీసువారికిఁ దెలియకుండ మాటను వెనుకనుండి ముందునకుఁ దిప్పి పలుకు మర్మభాషను సైతము సంగ్రహించెను. వారినోట 'పెన్నీ' 'యెనెప్' అగును. తెలుఁగు వర్తకులకును దమలోఁదాము లెక్కలు చెప్పుకొను మర్మపుమాటలు గలవు గాని వాని నింత శ్రద్ధతో నెత్తివ్రాసిన విలేఖరులు తక్కువ. గ్రామ్యము గ్రంథమునఁ బ్రవేశింపరాదను నియమము గలవారు దీనికి నొసలు ముడువవచ్చును. కాని యనుకరణమందు దోషములన్నియు దోషత్వమును గోల్పోవునని మమ్మటుఁడే కావ్యప్రకాశమున నంగీకరించినాఁడు. సంస్కృతనాటకములందు నీచపాత్రలకుఁ బ్రాకృతము విధింపఁబడినదే గాని నిషేధింపఁబడలేదు. పాత్రము కల్పితమైనపుడే యింతటి సడలింపు గలదేని, పాత్రము నిజముగా బ్రదికి, నిజముగా నామాట పలికినవాఁడైనపుడు దానిని దిద్దుట వ్యాకరణసేవ యగునా? అది సాక్ష్యమును మార్చుటయే. క్రానికిల్ సంపాదకులు దిగుమతి మాటను దీసివేయుటయు, లక్షణజ్ఞుఁడు కూలివాని క్రియను దిద్దుటయు నొకే జాతి పనులు. ఒకటి ధనముకొఱకు, రెండవది శుద్ధికొఱకు జరుగును. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడియందు సవరలను దన యింటఁ జేర్చుకొని వారి భాష నేర్చి, వారి పాటలను గథలను వారినోటి ధ్వనుల ననుసరించియే వ్రాసికొనెను. 1931లో వెలువడిన యతని సవరభాషాగ్రంథమున కీ శ్రద్ధయే పునాది. వ్యావహారికవాదము నంగీకరింపనివారును నా పనియందుఁ దప్పు పట్టఁజాలరు. రచయిత తనమాటను గ్రాంథికమున నుంచుకొనవచ్చును. సాక్షిమాటను సాక్షి కే విడువవలెను. మేహ్యూ చేసినదియు నిదియే. అతని సొంతవాక్యములు పాఠశాలలో దిద్దుకొన్నవి. ఉద్ధరణచిహ్నములలోని వాక్యములు వీథివి. ఆ రెంటి నడిమి యంచు గ్రంథమునం దెచ్చటను జెరగలేదు.

ఇంతమాత్రమున నతని సాక్షులు పలికినదంతయు నక్షరాక్షరము నిజమని నమ్మవలసిన పని లేదు. మేహ్యూ ప్రహసనకర్త, సంభాషణమునకుఁ జెవి గలవాఁడు. అతని సాక్షులు పెక్కండ్రు మాటను ముగించు తీరు నాటకమునఁ దెఱ పడు తీరును బోలియుండును. ఒకని మాటలలోని లయ మఱియొకని మాటలలోఁ దోఁచుచుండును. 1850లో బీదపిల్లల ఉచితపాఠశాలలు నేరములను మాన్పుటలేదని యతఁడు వ్రాయఁగా, ఆ పాఠశాలల సంఘమువారు సాక్షులను దిరిగి ప్రశ్నించి, వారు మాట తప్పినట్లు చూపి, పత్రికయందే పెద్దవాదమును నడపిరి. ఆ వాదమున నెవ్వరిది పైచేయి యనుటకన్న, దానివలన మేహ్యూ జాగ్రత్త పెరిగినదనుట గణనీయము. తరువాతి సంచికలలో లెక్క యెవరు చెప్పినది, తాను జూచినదెంత, వినికిడి యెంత యను విభజన మునుపటికంటె స్పష్టముగా నుండును. పరుల పరీక్షకు లోనుగాని సాక్ష్యవాఙ్మయము పురాణమగును. ప్రతిపక్షులు మేహ్యూకుఁ జేసిన మేలు మిత్రులు చేయలేదు.

అతని గ్రంథమునకు నిజమైన కీడు మఱియొకచోటినుండి వచ్చినది. క్రానికిల్ లేఖలలో దర్జీలు, కుట్టుపని స్త్రీలు, వడ్రంగులు, పట్టునేఁతవారు, ఓడరేవు కూలీలు మొదలగు పనివాండ్ర చరిత్రము ప్రధానము. అందుఁ గూలి యేల తగ్గుచున్నది యను విచారణ గలదు. రెండు పెన్నీల సంచికలలో నా పనివాండ్రకుఁ జోటు మిక్కిలి తక్కువ, వీథిజనమే నిండిరి. కారణ మూహింపవచ్చును. వడ్రంగి కూలిలెక్క యెవ్వరికి రుచించును? ఎలుకలు పట్టువాఁడైన నందఱకును రుచించును. ఒక ప్రభువును వదలుకొని బయటికి వచ్చిన విలేఖరి, వారమువారము రెండు పెన్నీలు పెట్టి కొను వేలకొలఁది చిన్నప్రభువుల చేతఁ బడెను. పత్రికాధిపతి యొక వాక్యమును దీసివైచెను. కొనుగోలుదారుఁడు పనివాండ్ర ప్రపంచము నంతయు దీసివైచెను. మొదటిదానిని మేహ్యూ గుర్తించి కోపించెను. రెండవదానిని గుర్తించినట్లు గ్రంథమునఁ గానరాదు. స్వతంత్రవిలేఖరి వృత్తిని విమర్శించువా రంద ఱీ భేదమును జూడవలెను: అధికారి చేయు కత్తిరింపు గాయమువలె నొప్పించును, కొనుగోలుదారుని యభిరుచి చేయు కత్తిరింపు తెలియనే తెలియదు.

గ్రంథారంభమున నున్న జాతిసిద్ధాంతమును నీ దోషములోనిదే. మానవులు సంచారజీవులు, స్థిరనివాసులు అని రెండు జాతులనియు, లండను వీథిజనులు దక్షిణాఫ్రికా సంచారజాతులవలెఁ బుట్టుకచేతనే తిరుగుడువారనియు నతఁడు పీఠిక కట్టెను. నాఁటి మానవజాతిశాస్త్రమునం దిట్టి మాటలకు వెల యుండెను. కాని పీఠికను దాఁటి సాక్షుల మాటలలోనికిఁ బోయినచో, ఒకఁడు పనిపోయిన వడ్రంగి, ఒకతె భర్త చచ్చిన దర్జీభార్య, ఒకఁడు చెయ్యి విఱిగిన కూలివాఁడు. పుట్టుకచేతఁ దిరుగుడువారు వీరిలో నెందఱు? సిద్ధాంతమును సాక్షులే పూర్వపక్షము చేసిరి. గ్రంథకర్త చెప్పినదానిని గ్రంథము కాదనుట విమర్శకున కపూర్వమైన సంతోషము. ఇట్టి సంతోషము మేహ్యూ వలన మెండుగా లభించును.

పాఠపరిశోధకులకుఁ బనికివచ్చు సంగతి యింకొకటి గలదు. వారపు సంచికల యట్టలపై మేహ్యూ పాఠకుల యుత్తరములకు సమాధానములు ప్రకటించుచుండెను. వృత్తిపనివారు లెక్కలు దిద్దిరి, యజమానులు కోపించిరి, సహాయధనము పంపినవారికి రశీదులు నక్కడనే అచ్చయ్యెను. కూలి తక్కువగుటచే నెక్కువపని చేయుదురు, ఎక్కువపని చేయుటచే మఱల కూలి తగ్గును అను నతని యర్థశాస్త్రవిచారణయుఁ జాలవఱకా యట్టలమీఁదనే పెరిగినది. సంచికలను గ్రంథముగాఁ గుట్టించువా రట్టలను జించి పాఱవైచుట వాడుక. కావున గ్రంథాలయములలోని కుట్టుప్రతులలో నీ భాగము సామాన్యముగాఁ గానరాదు. తాళపత్రగ్రంథమున కవి గద్యమును వదలి పద్యములు మాత్రమే ప్రతివ్రాసిన లేఖకునివలె, కుట్టుపనివాఁడు మేహ్యూయొక్క మిక్కిలి స్వతంత్రమైన రచననే తొలఁగించెను. బొమ్మల విషయమును నిట్టిదే. రిచర్డ్ బియర్డ్ అను ఛాయాగ్రాహకుఁడు సాక్షులను గదలకుండ నిలిపి డాగెరోటైపు చిత్రములు తీసెను. వానినుండి కొయ్యపై చెక్కిన బొమ్మలే గ్రంథమున నున్నవి. వెనుకనున్న వీథి చెక్కినవాని చేర్పు గావచ్చును. మాటయందుఁ జూపిన కట్టుబాటు బొమ్మయందు లేదు.

1852లో ముద్రాపకునితోడి లెక్కల తగవు ఛాన్సరీ న్యాయస్థానమున కెక్కఁగా సంచికలు నిలిచిపోయెను. విషయము తీరి నిలిచినది గాదు. వాక్యము నడుమ నిలిచినట్లే. 1861లో నితరులు దానిని నాలుగు సంపుటములుగాఁ బ్రకటింపఁబూనిరి. 1862లో వెలువడిన నాలుగవ సంపుటమున వేశ్యలనుగూర్చియు, దొంగలనుగూర్చియు, బిచ్చగాండ్రనుగూర్చియు నున్న భాగములు పెక్కు సహాయకుల రచనలు. ఆ సంపుటమున మేహ్యూ స్వరము మిక్కిలి పలుచన. సాక్షి తగ్గి యుపన్యాసము హెచ్చినది. పద్ధతి నెఱుఁగకయే పేరును దీసికొన్నచో నిట్లగును. మేహ్యూ తరువాత ముప్పదేండ్లకుఁ బైఁగా బ్రదికి, చెఱసాలలనుగూర్చియు, జర్మనుదేశమునుగూర్చియు వ్రాసి, 1887 జూలై 25వ తేదిని, లోకము మఱచిన వాఁడై మరణించెను. క్రానికిల్ లేఖలలోఁ గొన్నిటిని ఇ.పి. థామ్సన్, ఐలీన్ యో అను చరిత్రకారులు 1971లో 'ది అన్నోన్ మేహ్యూ' అను పేరఁ బ్రకటించువఱకుఁ బనివాండ్ర మేహ్యూ సామాన్యపాఠకులకుఁ దెలియఁడు. నూటయిరువదియేండ్లు లోక మెఱిఁగినది రెండు పెన్నీలవాఁడు కోరిన మేహ్యూను మాత్రమే.

తెలుఁగు కుటుంబమునందు మద్రాసున 1957లోఁ బుట్టిన పాలగుమ్మి సాయినాథు చరిత్ర మీ విచారణకుఁ బనికివచ్చును. అతఁడు 1993లో 'బ్లిట్జ్' వారపత్రికయందలి యుపసంపాదకపదవిని వదలి, 'టైమ్స్ ఆఫ్ ఇండియా' వారి పరిశోధనవేతనమును గైకొని, దేశమందలి మిక్కిలి బీదజిల్లాలకుఁ బోయెను. కలహండి, కోరాపుట్, పాలమూ, గొడ్డా, సర్గుజా, రామనాథపురము మొదలగునవి యతఁడు తిరిగిన స్థలములు. ఆ పత్రికలో వెలువడిన 84 వ్యాసములలోఁ బెక్కు 1996లో 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్' అను గ్రంథమునఁ జేరినవి. ఇచ్చటను బోషకుఁడు పత్రికయే. వేతనము కాలపరిమితి గలది. భేద మొకటి గలదు. మేహ్యూ యొకనగరమందు వింతమనుష్యుల వెదకెను. సాయినాథు వింతలను వదలి, పాఠశాల, వైద్యశాల, అప్పు, నీరు, భూమి యను నిత్యవిషయముల చుట్టుఁ దిరిగెను. అందువలన నెలుకలు పట్టువాని వంటి రుచి యందు లేదు. వడ్రంగి కూలిలెక్క వంటి బరువు గలదు. సాయినాథు పుస్తకమున రచయిత వ్యంగ్యము హెచ్చు. ఆ వ్యంగ్యము ప్రభుత్వపుఁ గాగితములను జీల్చునపుడు పదనుగా నుండును గాని, బీదవాని నోటినుండి మాట వచ్చుచున్న చోటఁ గొన్ని తావుల నడ్డుపడును. ఈ యంశమున మేహ్యూ మిన్న. 2014 డిసెంబరులో సాయినాథు స్థాపించిన 'పరి' యను గ్రామీణభారత భాండాగార మీలోపమును గొంతవఱకుఁ దీర్చినది. పల్లెవాని మాట, బొమ్మ, స్వర మేకమై నిలుచుటయే కాక, తెలుఁగు మొదలగు ననేకభాషలలోనికిఁ బరివర్తింపఁబడుచున్నవి. పరివర్తనమున భాషాభేదపు సమస్య తిరిగి తల యెత్తును: ఒరియా కూలివాని మాట యేజిల్లా తెలుఁగున రావలెను?

తెలుఁగున మేహ్యూను బరివర్తింపఁబూనువా రీ ప్రశ్నతోనే మొదలిడవలసియుండును. లండను వీథిమాటను శిష్టవ్యావహారికమునఁ బెట్టిన యెడల సాక్షి చచ్చును. ఏదో యొకజిల్లా మాండలికమునఁ బెట్టిన యెడల లండను చచ్చి యాజిల్లా నిలుచును. రచయిత వాక్యములకు నొకరీతియు, సాక్షుల వాక్యములకు నింకొకరీతియు నేర్పఱచి, ఉచ్చారణమును గాక వాక్యనిర్మాణమును మాత్రము సడలించుట యొక మార్గము. అనువాదమునకు 1861 నాఁటి నాలుగు సంపుటములను మూలముగాఁ గొనుట తగదు. క్రానికిల్ లేఖలలోని దర్జీలు, కుట్టుపని స్త్రీలు, నేఁతవారు ముందును, నీరాకు బాలికయుఁ బాటలమ్మువారును వెనుకను, దొరికినంతవఱకట్టలపైఁ బ్రత్యుత్తరములు చివరను జేర్చి, నాలుగవ సంపుటమును బూర్తిగా విడుచుట మేలు.